హనుమకొండ ఇంటి 412 యూనిట్లు ఎక్కడికి పోయాయి?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీరే చూడండి. హనుమకొండలో రెండో అంతస్తులో అద్దె ఇల్లు, పైన ఇక డాబానే. మీరు, మీ భార్య, పాప, మీ నాన్నగారు, మొత్తం నలుగురు. ఫిబ్రవరిలో 190 యూనిట్లు వచ్చిన కరెంటు ఏప్రిల్‌లో 412 అయింది. ఇంట్లో అందరూ లైట్లు ఆపుతూనే ఉన్నా తగ్గలేదు. మీటరే పాడైందని మీ నాన్నగారు అంటున్నారు. సాకెట్‌లో పెట్టే పవర్ సేవర్ కొనమని పక్కింటివాళ్లు చెప్పారు. ఫ్రిజ్ మార్చాలా, ఏసీ మార్చాలా అని మీరు అడుగుతున్నారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. మీటరు బాగానే ఉండి ఉంటుంది, అయినా పది నిమిషాల్లో మీరే పరీక్ష చేసుకోవచ్చు. పవర్ సేవర్ కొనొద్దు. ఏసీ, ఫ్రిజ్ ఈ ఏడాది మార్చొద్దు. డబ్బు పెట్టగలిగితే మొదట ఫ్యాన్ల మీద పెట్టండి. ఎందుకు అంటున్నానో కింద లెక్కతో సహా రాస్తున్నాను. ఇళ్ల వైరింగ్, ఫ్రిజ్, ఏసీ రిపేర్లు 26 ఏళ్లుగా చేస్తున్నాను. ఖమ్మం చుట్టుపక్కల బిల్లు ఎక్కువొచ్చిందని పిలిచిన ఇళ్లకు వెళ్లి చూసి నేర్చుకున్నదే ఇదంతా.

ముందు రూపాయల సంగతి

యూనిట్లు రెండింతలు దాటాయి, బిల్లు మాత్రం మూడున్నర రెట్లు దాటింది. ఇది మీటరు చేసిన పని కాదు, స్లాబుల పని. తెలంగాణలో ఇప్పుడు నడుస్తున్న రేట్ల ప్రకారం నెలకు 100 దాటి 200 లోపు వాడే ఇంటికి మొదటి 100 యూనిట్లు రూ. 3.40 చొప్పున, తర్వాతి 100 రూ. 4.80 చొప్పున పడతాయి. అంటే మీ 190 యూనిట్లకు రూ. 772. 200 దాటగానే ఇల్లు వేరే గుంపులోకి వెళ్తుంది. అప్పుడు మొదటి 200 యూనిట్లకూ రూ. 5.10, ఆపైన 300 వరకు రూ. 7.70, 400 వరకు రూ. 9, ఆ తర్వాత 800 వరకు రూ. 9.50. ఆ లెక్కన 412 యూనిట్లకు రూ. 2,804. స్థిర చార్జీలు, కస్టమర్ చార్జీ, సుంకం దీనికి అదనం.

ఇందులో చాలామంది గమనించనిది ఒకటుంది. 200 యూనిట్లకు రూ. 820 అవుతుంది. 201 యూనిట్లకు దాదాపు రూ. 1,028. ఆ ఒక్క యూనిట్ రెండు వందల రూపాయలు. రాష్ట్ర ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి వర్తించే ఇళ్లకైతే ఈ 200 గీత ఇంకా ముఖ్యం. లోపల ఉంటే సున్నా బిల్లు, దాటితే మొత్తం బిల్లు కట్టాల్సిందే. అలాంటి ఇళ్లవాళ్లు నెలాఖరున కాకుండా ఇరవయ్యో రోజునే మీటరు చూసుకోవాలి.

ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే, మీకు లెక్క వేరు. అక్కడ అన్ని ఇళ్లకూ ఒకే వరుస: మొదటి 30 యూనిట్లు రూ. 1.90, 75 వరకు రూ. 3, 125 వరకు రూ. 4.50, 225 వరకు రూ. 6, 400 వరకు రూ. 8.75, ఆపైన రూ. 9.75. ఒక్క యూనిట్ దాటితే వెనకటి యూనిట్ల రేటు మారదు. కానీ పై యూనిట్లు ఖరీదే. 412కు అక్కడా రూ. 2,665 అవుతుంది, సర్దుబాటు చార్జీలు విడిగా.

రెండు రాష్ట్రాల్లోనూ విషయం ఒకటే. మీరు తగ్గించే యూనిట్ ఎప్పుడూ పైనుంచే తగ్గుతుంది. మీ ఇంట్లో ఇప్పుడు మొదట తగ్గే యూనిట్ ఒక్కోటి తొమ్మిది రూపాయలు.

మీటరును మీరే అడగండి

ఏ వస్తువూ కొనకముందు ఈ పని చేయండి. మీటరు ముఖం మీద ఒక చిన్న ఎర్రలైటు మినుకుతూ ఉంటుంది. దాని దగ్గర 3200 ఇంప్/కిలోవాట్ అవర్ అని రాసి ఉంటుంది. కొన్ని మీటర్లకు 1600 లేదా 6400 ఉంటుంది. అంటే ఆ లైటు 3200 సార్లు మినుకుతే ఒక యూనిట్ కాలినట్టు. ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్ల వస్తువు ఒక గంట నడవడం. కాబట్టి నిమిషానికి ఒక మినుకు వస్తే ఆ క్షణంలో ఇల్లు సుమారు 19 వాట్లు తీసుకుంటున్నట్టు లెక్క. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని ఒక్క నిమిషం లెక్కపెట్టి 19తో గుణిస్తే చాలు. 1600 మీటరైతే 38తో, 6400 అయితే తొమ్మిదిన్నరతో గుణించండి.

మొదటి పరీక్ష: ఇంట్లోని మెయిన్ స్విచ్ ఆపేసి మీటరు దగ్గర ఐదు నిమిషాలు నిలబడండి. ఒక్క మినుకు కూడా రాకూడదు. వస్తే తేడా మీటరులో ఉండొచ్చు, లేదా మీటరుకూ మీ మెయిన్‌కూ మధ్య తీగలో ఎవరో కలిపి ఉండొచ్చు. మెట్ల లైటు, కింద సంపు మోటరు ఒక అద్దె వాటా మీటరు మీద నడవడం నేను చాలా ఇళ్లలో చూశాను. యజమాని కావాలని చేసింది కాకపోవచ్చు, ఎప్పుడో ఎలక్ట్రీషియన్ దగ్గర్లో ఉన్న తీగకు కలిపేసి ఉంటాడు.

రెండో పరీక్ష: మెయిన్ వేయండి. ఫ్రిజ్, ఇన్వర్టర్, టీవీ, రూటర్ అన్నీ ప్లగ్ తీసేయండి. స్విచ్‌లన్నీ ఆపండి. ఇప్పుడూ మినుకులు రాకూడదు. వస్తుంటే కరెంటు ఎక్కడో కారిపోతోంది. ఖమ్మంలో ఒక పాత ఇంట్లో బాత్రూం గోడ చెమ్మెక్కి గీజర్‌కు వెళ్లే తీగ నుంచి దాదాపు ఒక ఆంపియర్ భూమిలోకి పోతూ ఉంది. వినడానికి చిన్నదే. రోజంతా పోతే ఐదున్నర యూనిట్లు, నెలకు 165. కరెంటు కారితే వెంటనే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్ ఆ ఇంట్లో లేదు. ఉంటే 30 మిల్లీఆంపియర్ల దగ్గరే పడిపోయేది. బిల్లు కంటే నాకు భయం వేసింది ఆ ఇంట్లో పిల్లలు తడిచేత్తో ఆ గోడ ముట్టుకుంటారని. మీ బోర్డులో ఆర్‌సీసీబీ లేకపోతే యజమానితో మాట్లాడి పెట్టించండి, ఇది పొదుపు కోసం కాదు.

మీటరు మీద ఎర్త్ అనో ఈఎల్ అనో రాసి ఉన్న మరో లైటు కూడా చూడండి. అది వెలుగుతుంటే వెళ్లిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ తేడా ఉందని అర్థం. ఈ మీటర్లు ఫేజు, న్యూట్రల్ రెండింటిలో ఏది ఎక్కువైతే దాన్నే లెక్కలోకి తీసుకుంటాయి. పక్కపక్క వాటాల న్యూట్రల్ తీగలు ఒక జంక్షన్ బాక్సులో కలిసిపోతే ఎదుటివాళ్ల వాడకం మీ మీటరు మీద పడే అవకాశం ఉంది. ఇది మాత్రం తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే విడదీయించాలి. మీటరు సీలు మీద మీరు గానీ ఆయన గానీ చెయ్యి వేయకూడదు.

ఈ రెండు పరీక్షల్లో తేడా కనిపిస్తే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. మీటరు పరీక్షకు దరఖాస్తు పెడితే రుసుము కట్టించుకుని పరీక్షిస్తారు. వినకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. మీ నాన్నగారి అనుమానాన్ని కొట్టిపారేయకుండా ఆయన్ని కూడా పక్కన నిలబెట్టుకుని మినుకులు లెక్కపెట్టించండి. కళ్లతో చూశాక ఇంట్లో ఆ వాదన ఉండదు.

మీ ఇంటి లెక్క

మీరు రాసిన వస్తువులు, గంటలు పట్టుకుని నేను వేసిన లెక్క ఇది. మూడు సీలింగ్ ఫ్యాన్లు, పాత రకం. ఒక్కోటి 75 వాట్లు. వేసవిలో రోజుకు 16 గంటల చొప్పున మూడూ కలిపి 3.6 యూనిట్లు, నెలకు 108. పదకొండేళ్ల నాటి టన్నున్నర ఏసీ, అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం తగ్గించుకునే ఇన్వర్టర్ రకం కాదు. రాత్రి ఐదు గంటలు. కంప్రెసర్ ఆగుతూ నడుస్తూ ఉంటే గంటకు సుమారు 1.1 యూనిట్, నెలకు 165. పద్నాలుగేళ్ల ఫ్రిజ్, ఎండాకాలంలో రోజుకు దాదాపు రెండు యూనిట్లు, నెలకు 57 అనుకుందాం. ఇన్వర్టర్ బ్యాటరీ 20. బోరు మోటరు 18. టీవీ, సెట్‌టాప్ బాక్స్ కలిపి 19. వైఫై రూటర్ 7. లైట్లన్నీ కలిపి 10. మిక్సీ, ఇస్త్రీపెట్టె, వాషింగ్ మెషిన్ వగైరా 8 లేదా 10. అంతా కూడితే 410 దగ్గర తేలుతోంది. అందుకే మీటరు తప్పు కాదని మొదట్లోనే అన్నాను.

లైట్ల అంకె ఇంకోసారి చూడండి. పది యూనిట్లు. మీరు నలుగురూ నెలంతా గదిగదికీ తిరిగి స్విచ్‌లు ఆపి, పాపను కోప్పడి, మిగిల్చింది మహా అయితే మూడు యూనిట్లు. 60 వాట్ల బల్బులు, చోక్‌తో కలిపి 55 వాట్లు తినే ట్యూబ్‌లైట్లు ఉన్న రోజుల్లో ఆ అలవాటుకు చాలా విలువ ఉండేది. ఇప్పుడు 9 వాట్ల ఎల్ఈడీ బల్బు పది గంటలు వెలిగినా పదో వంతు యూనిటే కాలుతుంది. ఆపడం మంచి అలవాటే, కానీ బిల్లు అక్కడ లేదు. చల్లబరిచేవి, వేడి చేసేవి, రోజంతా ఆగకుండా తిరిగేవి. బిల్లు ఈ మూడింటిలో ఉంటుంది.

మిక్సీ గురించి కూడా చాలామందికి భయం. 750 వాట్లని రాసి ఉంటుంది కాబట్టి బాగా తింటుందనుకుంటారు. రోజుకు పది నిమిషాలు తిరిగితే నెలకు నాలుగు యూనిట్ల లోపే. వాట్లను ఒక్కటే చూడకూడదు, ఎన్ని గంటలన్నది కూడా చూడాలి. పది వాట్ల రూటర్ రోజంతా వెలిగి ఆ మిక్సీ కంటే ఎక్కువ తింటోంది.

ఫ్యాన్లు

ఏసీ పెద్ద అంకె అయినా ఫ్యాన్లు ముందంటున్నాను. ఎందుకంటే ఏసీ మూడు నెలలు, ఫ్యాన్ మనకు పదినెలలు తిరుగుతుంది. తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటరున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో 28 నుంచి 35 వాట్లు తీసుకుంటుంది. గాలి దాదాపు అంతే వస్తుంది. మూడు ఫ్యాన్లు మారిస్తే వేసవి నెలలో 65 యూనిట్లు తగ్గుతాయి. ఏడాది మొత్తం చూసుకుంటే మీ స్లాబులో మూడు వేల రూపాయల దాకా మిగులుతుంది. ఒక్కో ఫ్యాన్ 2,800 అనుకుంటే మూడేళ్ల లోపు ఖర్చు తిరిగొస్తుంది. మీది అద్దె ఇల్లు కాబట్టి ఇంకో మంచి సంగతి, ఇల్లు మారినప్పుడు మీ ఫ్యాన్లు మీతో వస్తాయి. పాతవి అటకమీద దాచి, వెళ్లేటప్పుడు యజమానివి యజమానికి బిగించి వెళ్లండి.

కరెంటు పోయినప్పుడు కూడా దీని ఉపయోగం తెలుస్తుంది. ఇన్వర్టర్ మీద మూడు పాత ఫ్యాన్లు తిరిగే చోట ఈ ఫ్యాన్లు రెట్టింపు సేపు తిరుగుతాయి.

బిగించేటప్పుడు రెండు జాగ్రత్తలు. గోడమీది పాత రెగ్యులేటర్‌ను తీయించి నేరుగా స్విచ్‌కు కలపమనండి, లేదా ఎప్పుడూ ఫుల్‌లో ఉంచండి. ఆ రెగ్యులేటర్‌తో స్పీడ్ తగ్గిస్తే లోపలి బోర్డు పాడవుతుంది. ఇక నాన్నగారి గదిలో రిమోట్ గొడవ వద్దనుకుంటే గోడ రెగ్యులేటర్‌తోనే పనిచేసే రకాలు ఉన్నాయి, అడిగి తీసుకోండి. సీలింగ్ ఫ్యాన్లకు 2023 జనవరి నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి చేశారు. కాబట్టి డబ్బా మీద లేబుల్ చూసి వాట్లు, గాలి ఎంత ఇస్తుందో రెండూ చదవండి.

ఇప్పుడే కొనలేకపోతే పాత ఫ్యాన్లనైనా బాగు చేసుకోండి. స్పీడ్ తగ్గిందంటే చాలాసార్లు కండెన్సర్ అరిగిపోయినట్టు. వందరూపాయల లోపు పని. గాలి పెరిగితే ఏసీ వేయాలనిపించే రాత్రులు తగ్గుతాయి. రెక్కల మీది దుమ్ము తుడిచినా తేడా తెలుస్తుంది.

ఏసీ కంటే ముందు పైకప్పు శ్లాబు

ఏసీని 20లో పెట్టి దుప్పటి కప్పుకుంటామని రాశారు. చాలా ఇళ్లలో ఇదే. మీ ఏసీ లాంటి పాత రకంలో 16 పెట్టినా 26 పెట్టినా కంప్రెసర్ ఒకే బలంతో నడుస్తుంది, గది వేగంగా చల్లబడదు. 16లో పెడితే అది ఆగదు, అంతే తేడా. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు తగ్గుతుందని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతుంది. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలన్నీ మొదట ఆన్ చేసినప్పుడు 24 దగ్గరే ఉండాలన్న నిబంధన వచ్చింది కూడా ఇందుకే. మీరు 26లో పెట్టి పైన ఫ్యాన్ ఒకటి లేదా రెండులో తిప్పండి. ఒంటి మీద గాలి ఆడితే ఇంకా రెండు మూడు డిగ్రీలు చల్లగా అనిపిస్తుంది. ఆరు డిగ్రీలకు మూడో వంతు దాకా, అంటే మీ 165లో ఏభై యూనిట్లు పోతాయి.

ఫిల్టర్ పదిహేను రోజులకోసారి కుళాయి కింద కడగండి. బయటి యూనిట్ ముందు బట్టలు ఆరేయొద్దు, వెనక గోడకు జానెడు ఖాళీ ఉండాలి. గది ఎంతకీ చల్లబడకుండా కంప్రెసర్ ఆగకుండా నడుస్తుంటే, రాగి పైపు మీద మంచు పేరుకుంటుంటే గ్యాస్ తగ్గి ఉండొచ్చు, ఫిల్టరో కాయిలో మూసుకుపోయి ఉండొచ్చు. కారణం చూడకుండా గ్యాస్ నింపి వెళ్లేవాళ్లను ఒప్పుకోకండి. గ్యాస్ దానంతటది అయిపోదు, కారితేనే తగ్గుతుంది. కారే చోటు మూయకపోతే వచ్చే ఏడు మళ్లీ అదే ఖర్చు.

కానీ మీ ఇంట్లో అసలు సమస్య ఏసీ కాదని నాకనిపిస్తోంది. మీరు పై అంతస్తులో ఉన్నారు. మే నెలలో హనుమకొండ ఎండకు పొద్దంతా కాలిన శ్లాబు రాత్రి పన్నెండింటిదాకా కిందికి వేడి వదులుతూనే ఉంటుంది. పడుకునే ముందు అరచెయ్యి పైకెత్తి పైకప్పుకు ఆనించి చూడండి. ఆ వేడినంతా లాగి బయట పారబోయడానికే మీ ఏసీ మొదటి రెండు గంటలు పనిచేస్తోంది. మన ఇళ్లలో పెద్దవాళ్లు డాబా మీద సున్నం వేయించడం, సాయంత్రం నీళ్లు చల్లడం ఊరికే చేయలేదు. నీళ్లు ఇప్పుడు కరువు, పైగా వాటిని పైకెక్కించాలన్నా మోటరే తిరగాలి. తెల్ల సున్నమో, ఎండను వెనక్కి కొట్టే కూల్ రూఫ్ పెయింటో వేయిస్తే గది కొన్ని డిగ్రీలు చల్లబడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. అద్దె ఇల్లు కదా అని ఊరుకోకండి. యజమానిని అడగండి. సున్నం ఖర్చు చెరిసగం పెట్టుకున్నా మీకు ఒక్క వేసవిలోనే గిట్టుబాటు అవుతుంది, ఆయన శ్లాబుకూ మంచిది. దాంతోపాటు పడమటి కిటికీకి బయటి వైపు నీడ కట్టండి. లోపల పరదా వేస్తే వేడి అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది.

కూలర్ సంగతి కూడా అడిగారు. మీ ఊళ్లో పనిచేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో వరంగల్, కరీంనగర్, అనంతపురం వైపు గాలి పొడిగా ఉంటుంది, 150 నుంచి 200 వాట్లతో కూలర్ బాగా చల్లబరుస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల గాలిలోనే తేమ కాబట్టి ఒళ్లు జిగటెక్కడమే మిగులుతుంది. మీరు హాల్లో కూలర్ పెట్టుకుని కిటికీ తెరిచి ఉంచండి. జూన్‌లో వానలు మొదలయ్యాక దాన్ని నమ్ముకోవద్దు.

ఏసీ ఎందుకు మార్చొద్దన్నానో చెబుతాను. కొత్త ఐదు స్టార్ల ఇన్వర్టర్ ఏసీ ఇదే వాడకానికి సగం యూనిట్లు తీసుకోవచ్చు. నెలకు 80 తగ్గాయనుకున్నా మూడు నెలలకు 240 యూనిట్లు, రెండు వేల రూపాయల పైచిలుకు. ఏసీ ధర నలభై వేలు. రోజుకు పన్నెండు గంటలు వాడే ఇంటికి వేరే లెక్క. మీకు మాత్రం ఇది పాడయ్యేదాకా వాడుకోవడమే సరి. పాడయ్యాక కొనేటప్పుడు స్టార్లు ఒక్కటే లెక్కపెట్టకండి. లేబుల్ మీద 1600 గంటలకు ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది, ఆ అంకె పోల్చండి. లేబుల్ ఏ కాలానిదో కూడా చూడండి. కొలతలు మధ్యమధ్య కఠినం చేస్తుంటారు కాబట్టి నాలుగేళ్ల కిందటి ఐదు స్టార్లు, ఇప్పటి ఐదు స్టార్లు ఒకటి కావు.

ఫ్రిజ్

తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూయండి. లాగితే సులువుగా జారి వచ్చేస్తే రబ్బరు వదులైంది. నాలుగు వైపులా ఇలాగే చూడండి. సబ్బు నీళ్లతో తుడిచి, వేడినీళ్ల గుడ్డతో ఒత్తితే కొన్నిసార్లు మళ్లీ పట్టుకుంటుంది, లేదంటే రబ్బరు మార్పించండి. వెనక గోడకు ఆరంగుళాలు జరపండి, కాయిల్ మీది దుమ్ము దులపండి. గ్యాస్ పొయ్యి పక్కన ఉందని రాశారు, వీలైతే అక్కడి నుంచి తీయండి. ఫ్రీజర్‌లో మంచు గడ్డకట్టి ఉంటే కరిగించండి. వేడి పాలు, వేడి పప్పు చల్లారాకే పెట్టండి. వీటితో పది పన్నెండు యూనిట్లు తగ్గుతాయి.

రాత్రిళ్లు ఫ్రిజ్ ఆపేస్తున్నామన్నారు. ఆపకండి. ఆరేడు గంటల్లో లోపలి చల్లదనం పోతుంది, పొద్దున వేయగానే అదంతా మళ్లీ లాగాలి. మిగిలేది కొంచెమే, పాలు, కూరలు పాడయ్యే ప్రమాదం ఎక్కువ. పాప ఉన్న ఇల్లు.

కంటికి కనిపించనివి

ఇన్వర్టర్ బ్యాటరీకి ఎన్నేళ్లయిందో మీరు రాయలేదు. రెండు నెలలకే డిస్టిల్డ్ వాటర్ పోయాల్సి వస్తోందని మాత్రం రాశారు. అది ముసలి బ్యాటరీ గుర్తు. నిండిన తర్వాత కూడా అది కరెంటు తాగుతూనే ఉంటుంది, నీళ్లు ఆవిరవుతూ ఉంటాయి. కరెంటు ఉన్నప్పుడు, బ్యాటరీ నిండిన తర్వాత, ఇన్వర్టర్ ఒక్కటే పెట్టి మిగతావన్నీ ఆపి మినుకులు లెక్కించండి. నిమిషానికి ఒకటి రెండు వస్తే ఫర్వాలేదు. నాలుగైదు వస్తుంటే 80, 90 వాట్లు రోజంతా పోతున్నట్టు, నెలకు 60 యూనిట్లు. అదే జరిగితే బ్యాటరీ మార్చడం అన్నిటికంటే ముందు చేయాల్సిన పని అవుతుంది. ఈ ఒక్క పరీక్ష తప్పకుండా చేయమని అడుగుతున్నాను. నా లెక్కలో 20 అని వేసింది ఊహ మాత్రమే.

మోటరు కూడా అంతే. ఒక హార్స్‌పవర్ మోటరు గంటకు ఒక యూనిట్ పైనే తీసుకుంటుంది. ట్యాంకు నిండి పొంగుతుంటే, కమోడ్ ఫ్లష్ సన్నగా కారుతుంటే, అది నీళ్ల నష్టమే కాదు, రెండోసారి మోటరు వేయించే నష్టం. ఇరవై నిమిషాల్లో నిండే ట్యాంకుకు ఇప్పుడు నలభై నిమిషాలు పడుతుంటే పైపు కారడమో, ఫుట్‌వాల్వ్ పాడవడమో, బోరులో నీళ్లు తగ్గడమో జరిగి ఉంటుంది.

టీవీ ఆపేసినా సెట్‌టాప్ బాక్స్ వెచ్చగా ఉంటుంది, చెయ్యి పెట్టి చూడండి. రాత్రి ప్లగ్ దగ్గరే ఆపండి. గీజర్ ఇప్పుడు వాడట్లేదు కాబట్టి చలికాలానికి ఒక్క మాట. 15 లీటర్ల నీళ్లు 25 నుంచి 60 డిగ్రీలకు కాగడానికి 0.6 యూనిట్ పడుతుంది. స్నానాలు నలుగురూ వెంటవెంటనే చేసి ఆపేయండి, రోజంతా వేసి ఉంచకండి.

పవర్ సేవర్ విషయం. ఆ డబ్బాలో ఉండేది ఒక చిన్న కండెన్సర్, ఒక వెలిగే లైటు. కండెన్సర్ పవర్ ఫ్యాక్టర్‌ను, అంటే లాగిన కరెంటులో నిజంగా పనికి వాడే వంతును, సరిచేస్తుంది. ఫ్యాక్టరీలకు ఆ లెక్కన బిల్లు వేస్తారు కాబట్టి వాళ్లకు పనికొస్తుంది. ఇళ్లకు కిలోవాట్ అవర్ మీదే బిల్లు, అది దీనితో మారదు. నమ్మకం కుదరకపోతే పక్కింటి వాళ్లది అడిగి తెచ్చి, పెట్టకముందు, పెట్టిన తర్వాత మినుకులు లెక్కపెట్టండి. వాళ్లకు కూడా చూపించండి, డబ్బు పోగొట్టుకోబోయే మరో నలుగురికి చెబుతారు.

అన్నీ కలిపితే ఫ్యాన్లకు 65, ఏసీకి 50, ఫ్రిజ్‌కు పన్నెండు, బ్యాటరీ, మోటరు, టీవీ దగ్గర ఇంకో పాతిక. 412 నుంచి 260 దగ్గరికి రావచ్చు. బిల్లు రూ. 2,804 నుంచి రూ. 1,482కు. సున్నం పడితే ఇంకా తగ్గుతుంది. సోలార్ పెట్టాలన్న ఆలోచన మీ యజమానికి ఉందన్నారు. ఒక కిలోవాట్ ప్యానెళ్లు మన ఎండకు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి, పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్లకు రూ. 78,000 దాకా రాయితీ ఉంది. అయినా వాడకం తగ్గించుకున్నాకే ఎన్ని కిలోవాట్లో నిర్ణయించమని చెప్పండి. 412కు సరిపడా పెట్టించి తర్వాత 260 వాడితే పెట్టుబడి ఎక్కువైనట్టే.

ఈ ఆదివారం పొద్దున నాన్నగారితో కలిసి ఆ రెండు పరీక్షలు, బ్యాటరీ పరీక్ష చేయండి. ఆ రోజు నుంచి పది రోజులు ఒకే సమయానికి మీటరు చూసి క్యాలెండర్ మీద రాయండి. మీటరులో చాలా అంకెలు మారుతుంటాయి, పక్కన కేడబ్ల్యూహెచ్ (కిలోవాట్ అవర్) అని ఉన్నదే రాయాలి. మీటరు మీది ఇంప్ అంకె, మెయిన్ ఆపినప్పుడు ఎన్ని మినుకులు, ఇన్వర్టర్ ఒక్కటే ఉన్నప్పుడు ఎన్ని, పది రోజుల రీడింగ్‌లు, బ్యాటరీ కొన్న ఏడాది. ఇవి ఇక్కడే రాయండి, మిగతాది చూసి చెబుతాను.